ఎఫ్‌ఈ పరీక్ష, ఎన్‌సీఈఈఎస్ సేవలు: మన బీటెక్ పట్టాతో వెళ్లేవారికి ఎంతవరకు పనికొస్తాయి?

అమెరికాలో సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ పవర్ రంగాల్లో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు ఏదో ఒక దశలో పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు మాట రాక తప్పదు. లెక్కలన్నీ మీరే కట్టినా, డ్రాయింగు మీద సీలు వేసి సంతకం పెట్టే అధికారం ప్రొఫెషనల్ ఇంజనీరుదే. ఆ లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రాల బోర్డులు. వాటన్నిటి తరఫున పరీక్షలు నిర్వహించేది, విదేశీ పట్టాలను మదింపు చేసేది మాత్రం సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్ కేంద్రంగా పనిచేసే ఎన్‌సీఈఈఎస్ (నేషనల్ కౌన్సిల్ ఆఫ్ ఎగ్జామినర్స్ ఫర్ ఇంజనీరింగ్ అండ్ సర్వేయింగ్). ఆ సంస్థ సేవల్లో మనవాళ్లకు ముందుగా తగిలేవి మూడు: పీఈకి ముందు రాసే తొలి పరీక్ష ఎఫ్‌ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్), దానితోపాటు ఇచ్చే రిఫరెన్స్ హ్యాండ్‌బుక్, విదేశీ పట్టాల మదింపు. ఈ సమీక్ష ఆ మూడింటి గురించి.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. పరీక్ష నిజాయితీగా కట్టినది, చదివినవాడికి న్యాయం చేస్తుంది. హ్యాండ్‌బుక్ ఇంకా బాగుంటుంది, పైగా పీడీఎఫ్ ఉచితం. పట్టా మదింపు దగ్గరే అసలు కష్టం. అక్కడ జరిగే ఆలస్యంలో ఎక్కువ భాగం గ్రీన్‌విల్‌లో కాదు, మన యూనివర్సిటీల పరీక్షల విభాగాల్లో జరుగుతుంది. చాలామంది ముందు పరీక్ష రాసేసి, పాసయ్యాక కాగితాల సంగతి చూద్దామనుకుంటారు. ఆ వరుస తిప్పి పట్టుకోవాలి. కాగితాల పని మొదటి రోజే మొదలుపెట్టి, అవి కదులుతుండగా పరీక్షకు చదువుకోవాలి.

ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ఈ లైసెన్సుతో పని లేదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌కు ఒకప్పుడు పీఈ పరీక్ష ఉండేది, రాసేవాళ్లు లేక 2019లో ఆపేశారు. స్ట్రక్చరల్, రోడ్లు, నీటి సరఫరా, మురుగునీటి శుద్ధి, జియోటెక్, భవనాల ఏసీ-ఎలక్ట్రికల్ డిజైన్, విద్యుత్ పంపిణీ లాంటి కన్సల్టెన్సీ పనుల్లో మాత్రం లైసెన్సు లేకపోతే ఒక స్థాయి దగ్గర ప్రమోషన్ ఆగిపోతుంది. ఇండియాలో ఇంజనీర్లందరికీ వర్తించే జాతీయ లైసెన్సు చట్టం లేదు కాబట్టి మనలో చాలామందికి ఈ సంగతి ఉద్యోగంలో చేరాకే తెలుస్తుంది. అమెరికాలో మొదటి లైసెన్సు చట్టం వ్యోమింగ్ రాష్ట్రంలో 1907లోనే వచ్చింది.

పరీక్ష ఎలా ఉంటుంది

ఎఫ్‌ఈ ఏడు విభాగాల్లో ఉంది: కెమికల్, సివిల్, ఎలక్ట్రికల్ అండ్ కంప్యూటర్, ఎన్విరాన్‌మెంటల్, ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్, మెకానికల్, ఇవేవీ కానివారికి అదర్ డిసిప్లిన్స్. మీ డిగ్రీ ఏ బ్రాంచిదో ఆ విభాగమే రాయాలన్న నిర్బంధం చాలా బోర్డులు పెట్టవు. అయినా రేపు పీఈ ఏ విభాగంలో రాస్తారో దానికి దగ్గరగా ఉన్నది ఎంచుకుంటే ఇప్పటి చదువు అప్పుడూ పనికొస్తుంది.

మొత్తం 110 ప్రశ్నలు. సెంటర్లో గడిపే సమయం ఆరు గంటలు: ఒప్పంద పత్రానికి 2 నిమిషాలు, ట్యుటోరియల్‌కు 8, పరీక్షకు 5 గంటల 20 నిమిషాలు, మధ్యలో విరామం 25 నిమిషాలు. లెక్కేస్తే ప్రశ్నకు మూడు నిమిషాలకు కాస్త తక్కువ. పరీక్ష రెండు భాగాలుగా వస్తుంది. సుమారు సగం ప్రశ్నలయ్యాక మొదటి భాగం సమర్పించాలి, ఆ తర్వాత దానిలోకి తిరిగి వెళ్లడం కుదరదు. కానీ రెండు భాగాలకూ కలిపి సమయం ఒక్కటే. మొదటి భాగంలో మూడున్నర గంటలు తినేస్తే రెండో భాగానికి రెండు గంటలు కూడా మిగలవు. ఈ పరీక్షలో తప్పేవాళ్లలో చాలామంది సబ్జెక్టు రాక తప్పరు, ఇక్కడే తప్పుతారు. మొదటి భాగం 2 గంటల 40 నిమిషాల్లో వదిలేయాలని ముందే గట్టిగా అనుకుని వెళ్లాలి.

నెగెటివ్ మార్కులు లేవు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. గేట్ రాసి వచ్చినవారు, తెలియనిది వదిలేయడం అలవాటైపోయి, ఇక్కడా అదే చేసి ఊరికే మార్కులు పోగొట్టుకుంటారు. చాలావరకు నాలుగు ఆప్షన్ల ప్రశ్నలే. మధ్యమధ్యలో ఒకటికి మించి సరైన జవాబులున్నవి, బొమ్మ మీద క్లిక్ చేయాల్సినవి, లాగి సర్దాల్సినవి, సంఖ్య టైపు చేయాల్సినవి కూడా వస్తాయి.

ఇది 2014 జనవరి నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. అంతకుముందు ఏడాదికి రెండుసార్లు కాగితం మీద, 8 గంటలపాటు, 180 ప్రశ్నలతో ఉండేది. ఆ కాలంలో రాసిన సీనియర్ల సలహాలు గౌరవంగా విని పక్కన పెట్టండి. పీఈ సివిల్ కూడా అంతే. 2021 అక్టోబరు దాకా సూట్‌కేసు నిండా పుస్తకాలు మోసుకెళ్లి రాసేవారు, 2022 నుంచి తెర మీది పీడీఎఫ్ తప్ప ఇంకే పుస్తకమూ లోపలికి రానివ్వరు.

ఏడాది పొడవునా రాయొచ్చు. అయితే జనవరి-మార్చి, ఏప్రిల్-జూన్, జూలై-సెప్టెంబరు, అక్టోబరు-డిసెంబరు, ఈ నాలుగు విడతల్లో ఒక్కో విడతకు ఒక్కసారే. పన్నెండు నెలల్లో మూడుసార్లకు మించి కుదరదు. విడత చివర్లో సీట్లు బిగుస్తాయి, ముఖ్యంగా డిసెంబరులో. విడత మొదటి నెలలో తేదీ తీసుకుంటే, తప్పినా తర్వాతి విడతకు చదువుకోవడానికి తగినంత వ్యవధి ఉంటుంది.

హ్యాండ్‌బుక్: ఈ సేవలన్నిటిలో మేలైనది

ఎఫ్‌ఈ రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ సుమారు 500 పేజీల పీడీఎఫ్. మైఎన్‌సీఈఈఎస్ ఖాతా తెరిస్తే ఉచితంగా దింపుకోవచ్చు. పరీక్షలో తెర ఒక సగంలో ప్రశ్న, మరో సగంలో ఇదే పుస్తకం, వెతుక్కునే సదుపాయంతో సహా కనిపిస్తాయి. అచ్చు ప్రతిని లోపలికి తీసుకెళ్లనివ్వరు. కాబట్టి అచ్చు పుస్తకం కొని పేజీలకు రంగు చీటీలు అంటించుకుంటూ చదవడం వల్ల లాభం లేదు. మొదటి రోజు నుంచీ తెర మీదే చదవాలి, తెర మీదే వెతకాలి.

దీని గొప్పతనం ఏమిటంటే, ఫార్ములాలు బట్టీ పట్టాల్సిన పని తీసేసింది. ఏ సందర్భానికి ఏ సమీకరణం, దానిలో ఒక్కో అక్షరానికి అర్థం ఏమిటి, యూనిట్లు ఏమిటి అన్నదే పరీక్ష. ఇంజనీరుకు ఉండాల్సిన నేర్పు కూడా అదే. మన సెమిస్టరు పరీక్షల్లో ఉత్పాదనలు, నిర్వచనాలు రాసి మార్కులు తెచ్చుకున్నవారికి మొదట ఇది వింతగా అనిపిస్తుంది.

ఇబ్బంది వెతుకులాట దగ్గర వస్తుంది. మీరు టైపు చేసిన మాట పుస్తకంలో ఉన్న రూపంలోనే ఉండాలి. మన సర్వేయింగ్ పుస్తకాల్లోని ‘రెడ్యూస్డ్ లెవెల్’ అక్కడ ‘ఎలివేషన్’. లెవెలింగ్, సెంటర్, మీటర్ లాంటి మాటలు బ్రిటిష్ స్పెల్లింగులో కొడితే ఏమీ రావు, అమెరికన్ స్పెల్లింగు కావాలి. ‘ఆర్సీసీ’ అని వెతికితే లాభం లేదు, ‘రీయిన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్’ అనాలి. ‘స్ట్రెస్’ లాంటి సాధారణ మాటకు పదుల కొద్దీ చోట్లు చూపిస్తుంది కాబట్టి అధ్యాయం పేరు తెలిసి అక్కడికి నేరుగా దూకడం మేలు. మీ విభాగానికి సంబంధించిన అధ్యాయాలు ఏ వరుసలో ఉన్నాయో కళ్లు మూసుకుని చెప్పగలగాలి. ఇంకో లోపం: ఫ్లూయిడ్ మెకానిక్స్ సమీకరణాలు కొన్ని ఫ్లూయిడ్స్ అధ్యాయంలో, కొన్ని సివిల్ అధ్యాయంలో, ఇంకొన్ని ఎన్విరాన్‌మెంటల్‌లో చెల్లాచెదురుగా ఉంటాయి. అందుకు సాధన తప్ప మందు లేదు.

ఎన్‌సీఈఈఎస్ వారే అమ్మే ప్రాక్టీసు పరీక్ష కొనదగ్గదే. ప్రశ్న వాక్యం ఎలా ఉంటుంది, అనవసరపు సమాచారం ఎంత కలుపుతారు అన్నది దాన్ని చూస్తేనే తెలుస్తుంది. చదువు మొదలుపెట్టగానే కాకుండా, పరీక్షకు రెండు మూడు వారాల ముందు, గడియారం పెట్టుకుని ఒకే కూర్చోవడంలో చేయండి. అదొక్కటే చాలదు, ప్రశ్నలు తక్కువ. మిగతా సాధనకు బయటి సమస్యల పుస్తకం ఒకటి ఉండాలి. ఖరీదైన వీడియో కోర్సులు డిగ్రీ పూర్తయి పదేళ్లు దాటినవారికి పనికొస్తాయి. నిన్నమొన్న ఎమ్మెస్ ముగించినవారికి అంత ఖర్చు అక్కర్లేదు.

మనవాళ్లు ఎక్కడ జారుతారు

యూనిట్ల దగ్గర. ఇంకెక్కడా ఇంత నష్టం జరగదు.

ప్రశ్నలు మెట్రిక్‌లోనూ అమెరికన్ యూనిట్లలోనూ వస్తాయి. పౌండ్-మాస్, పౌండ్-ఫోర్స్ తేడా మన చదువులో ఎక్కడా తగలదు. ఉదాహరణకు 10 పౌండ్-మాస్ వస్తువు సెకనుకు 100 అడుగుల వేగంతో పోతుంటే దాని గతిజ శక్తి ఎంత? మన అలవాటు ప్రకారం సగం ఎం వి స్క్వేర్ వేస్తే 50,000 వస్తుంది. దాన్ని 32.2తో భాగించాలి, అసలు జవాబు సుమారు 1,553 అడుగు-పౌండ్లు. భాగించడం మరిచినవారి జవాబు కూడా ఆప్షన్లలో పెట్టి ఉంచుతారు. ప్రెషర్ ప్రశ్నల్లో చదరపు అంగుళానికి పౌండ్లు (పీఎస్ఐ) ఇచ్చినప్పుడు 144తో గుణించి చదరపు అడుగులకు తేవడం మరో మెట్టు. 10 పీఎస్ఐ అంటే 1,440ని నీటి సాంద్రత 62.4తో భాగించి, 23.1 అడుగుల నీటి ఎత్తు.

రోడ్ల వంపుల్లో మనకు నోటికి వచ్చినది వేగం వర్గం బై 127 ఆర్, కిలోమీటర్లు, మీటర్లలో. అక్కడ 127 బదులు 15, వేగం మైళ్లలో, వ్యాసార్ధం అడుగుల్లో. పైగా సూపర్ ఎలివేషన్‌ను శాతంలో తీసుకుని 0.01తో గుణిస్తారు. వేగం 60 మైళ్లు, వ్యాసార్ధం 1,500 అడుగులు అయితే 3,600ని 22,500తో భాగిస్తే 0.16. దాంట్లో ఘర్షణ 0.12 తీసేస్తే 0.04, అంటే 4 శాతం. జవాబు 4 అని అడిగారా, 0.04 అని అడిగారా చూసి టైపు చేయాలి. మ్యానింగ్ సమీకరణంలో మెట్రిక్‌కు గుణకం 1, అమెరికన్ యూనిట్లకు 1.486. నీటి శుద్ధిలో లీటరుకు మిల్లీగ్రాములు, రోజుకు మిలియన్ గ్యాలన్లు ఇస్తే 8.34తో గుణిస్తే రోజుకు పౌండ్లు వస్తాయి. 200 మిల్లీగ్రాములు, 2 మిలియన్ గ్యాలన్లు అయితే 3,336 పౌండ్లు.

నీటిపారుదల చదివినవారికి ఒక ఊరట ఉంది. ప్రాజెక్టుల దగ్గర మనం రోజూ వినే క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపుటడుగే, కాబట్టి ప్రవాహం లెక్కలు పరాయిగా అనిపించవు. ఎకరం కూడా అంతే: మన 4,840 గజాలను 9తో గుణిస్తే వాళ్ల 43,560 చదరపు అడుగులు.

స్ట్రక్చరల్‌లో మార్పు యూనిట్లతో ఆగదు. మనం ఐఎస్ 456 (కాంక్రీటు), ఐఎస్ 800 (స్టీలు) ప్రమాణాలు చదివి వెళ్తాం, అక్కడ వాటి బదులు ఏసీఐ 318, ఏఐఎస్‌సీ. డెడ్ లోడు 40 కిప్పులు (కిప్పు అంటే వెయ్యి పౌండ్లు), లైవ్ లోడు 30 కిప్పులు అనుకోండి. మన పద్ధతిలో రెండూ కలిపి ఒకటిన్నర రెట్లు, 105. అక్కడ డెడ్ లోడుకు 1.2, లైవ్ లోడుకు 1.6, మొత్తం 96. మనం స్టీలుకు 1.15, కాంక్రీటుకు 1.5 చొప్పున విడివిడిగా భాగిస్తాం. వాళ్లు చివర్లో మొత్తం బలాన్ని ఒక గుణకంతో తగ్గిస్తారు, వంపుకు సాధారణంగా 0.90. మన ఎమ్ 25లోని 25 ఘనం పరీక్షలో వచ్చిన బలం. వాళ్లది సిలిండర్ పరీక్ష. ఎమ్ 25 సిలిండర్లో సుమారు 20 మెగాపాస్కల్సే, అంటే దాదాపు 2,900 పీఎస్ఐ. గ్రేడ్ 60 కడ్డీ మాత్రం సుమారు 414 మెగాపాస్కల్స్, మన ఎఫ్ఈ 415 రకం కడ్డీకి ఇంచుమించు సమానం. దీన్ని గుర్తుంచుకుంటే జవాబు నమ్మదగినదో కాదో ఒక చూపులో తేలుతుంది.

ఇక వదులుకోకూడని మార్కులు రెండు చోట్ల ఉన్నాయి. సివిల్‌లో ఎథిక్స్‌కు 4 నుంచి 6 ప్రశ్నలు, ఇంజనీరింగ్ ఎకనమిక్స్‌కు 5 నుంచి 8. కలిపితే ఒక పెద్ద సబ్జెక్టు బరువు. ఎథిక్స్‌కు హ్యాండ్‌బుక్‌లోని నియమాలు రెండుసార్లు నిదానంగా చదివితే చాలు. ప్రజల భద్రత మొదట, యజమాని ప్రయోజనం తర్వాత, తనకు నైపుణ్యం లేని పనికి సీలు వేయకూడదు. ఈ మూడు పట్టుకుంటే చాలా ప్రశ్నలు విడిపోతాయి. ఎకనమిక్స్‌కు గుణకాల పట్టికలు అందులోనే ఉన్నాయి. లక్ష డాలర్ల అప్పు, 6 శాతం వడ్డీ, పదేళ్లలో సమాన వాయిదాలు అంటే పట్టికలో 0.1359, ఏడాదికి 13,590 డాలర్లు. ఇంత సులువు ప్రశ్నలను ‘మనకు రాదు’ అని వదిలేసి, స్ట్రక్చరల్ కఠిన సమస్య మీద పది నిమిషాలు పెట్టడం దండగ.

క్యాల్కులేటరు, సెంటరు, పేరు

క్యాల్కులేటరు విషయంలో మనకు కలిసొచ్చింది. మన కాలేజీల్లో అందరి దగ్గరా ఉండే క్యాసియో ఎఫ్ఎక్స్-991 రకాలన్నీ అనుమతించినవే, పాత ఎమ్ఎస్ మోడలుతో సహా. క్యాసియోలో ఎఫ్ఎక్స్-115, 991 మాత్రమే. ఎఫ్ఎక్స్-570 తీసుకెళ్తే లోపలికి పోనివ్వరు. టీఐ-30ఎక్స్, టీఐ-36ఎక్స్ రకాలు, హెచ్‌పీలో 33ఎస్, 35ఎస్ కూడా సరే. తెర మీద ఒక టీఐ-30ఎక్స్ఎస్ ఎలాగూ ఉంటుంది గానీ మౌసుతో మీటలు నొక్కడం నిదానం. బీటెక్‌లో వాడిన దానికి బ్యాటరీ మార్చి తీసుకెళ్లండి. మూడు సమీకరణాల సాధన, డెఫినిట్ ఇంటిగ్రల్, మాత్రికలు, స్టాండర్డ్ డీవియేషన్ దాంతో ఎలా చేయాలో వేళ్లకు రావాలి.

పరీక్ష పియర్సన్ వ్యూ అనే సంస్థ సెంటర్లలో. అరగంట ముందే చేరాలి. అరచేతి స్కానింగు, ఫోటో, జేబుల తనిఖీ ఉంటాయి. చేతి గడియారం లోపలికి రాదు. చిత్తుపనికి తుడిచి వాడుకునే పుస్తకం, మార్కర్ ఇస్తారు. మార్కర్ మొద్దుగా రాస్తుంది, చేయి తగిలితే చెరిగిపోతుంది. కాబట్టి పెద్ద అక్షరాలతో, ప్రశ్న సంఖ్య వేసి రాయడం ఇంట్లోనే ఒక చిన్న వైట్‌బోర్డు మీద అలవాటు చేసుకోండి. విరామంలో లాకరు నుంచి తిండి తీసుకోవచ్చు, కానీ తిరిగి లోపలికి వెళ్లడానికి పట్టే తనిఖీ సమయం ఆ 25 నిమిషాల్లోదే.

పేరు దగ్గర మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఖాతాలోని పేరు, సెంటర్లో చూపించే గుర్తింపు కార్డులోని పేరు ఒకటే కావాలి. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో విప్పి ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసాలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) చేరుతుంది, డ్రైవింగ్ లైసెన్సులో మరో రకంగా పడుతుంది. ఖాతా తెరిచేటప్పుడే ఏ కార్డు చూపించబోతున్నారో దాన్ని ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు కొట్టండి. తేడా ఉంటే తేదీ తీసుకోకముందే రాసి సరిచేయించుకోండి. సెంటర్లో తిప్పి పంపితే పోయేది రుసుము కూడా.

ఫలితం సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో, బుధవారం నాడు ఖాతాలోకి వస్తుంది. పాస్ లేదా ఫెయిల్ అంతే, మార్కులు చెప్పరు. తప్పినవారికి ఒక్కో సబ్జెక్టులో ఎలా చేశారో చూపే నివేదిక వస్తుంది. అది ఈ సేవలోని మంచి భాగాల్లో ఒకటి. దాన్ని వదిలేసి మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం వల్లే రెండోసారి రాసేవారి ఉత్తీర్ణత మొదటిసారి రాసేవారికన్నా బాగా తక్కువగా ఉంటుంది. బలహీనంగా ఉన్న సబ్జెక్టుల్లో, ప్రశ్నలు ఎక్కువ వచ్చేవాటిని ముందు పట్టుకోవాలి. సివిల్‌లో నీటి వనరులు, స్ట్రక్చరల్, జియోటెక్‌కు 10 నుంచి 15 చొప్పున వస్తాయి, డైనమిక్స్‌కు 4 నుంచి 6.

పట్టా మదింపు: అసలు పరీక్ష

ఎఫ్‌ఈ రాయడానికి చాలా రాష్ట్రాల్లో బోర్డు అనుమతి ముందుగా అక్కర్లేదు, కాబట్టి పట్టా సంగతి ఎవరూ అడగరు. ఎఫ్‌ఈ పాసయ్యాక ఇంజనీర్ ఇన్ ట్రైనింగ్ (పీఈకి ముందు మెట్టు) హోదాకో, పీఈకో దరఖాస్తు పెట్టినప్పుడు అడుగుతారు. అబెట్ (అమెరికాలో ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు లేని పట్టా అయితే ఎన్‌సీఈఈఎస్ మదింపు తెమ్మని చాలా బోర్డులు అంటాయి.

‘ఎమ్మెస్ ఇక్కడే చేశాం కదా’ అన్న ధీమా ఎక్కువమందిని ముంచుతుంది. అబెట్ గుర్తింపు ప్రధానంగా బ్యాచిలర్ డిగ్రీలకు. అమెరికా ఎమ్మెస్ ఉన్నా కింద ఉన్న బీటెక్‌ను తూచే బోర్డులు ఉన్నాయి, ఎమ్మెస్‌తో సరిపెట్టుకునేవీ ఉన్నాయి. ఇండియా 2014 జూన్‌లో వాషింగ్టన్ అకార్డ్‌లో (ఇంజనీరింగ్ కోర్సుల గుర్తింపును సభ్య దేశాలు పరస్పరం ఒప్పుకునే ఒప్పందం) పూర్తి సభ్యత్వం పొందింది. కానీ దాని కిందికి వచ్చేవి ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) టయర్-1 గుర్తింపు ఉన్న కోర్సులే, అంటే యూనివర్సిటీలు, అటానమస్ కాలేజీలు. మామూలు అనుబంధ కాలేజీకి ఉండే టయర్-2 గుర్తింపు లెక్కలోకి రాదు. టయర్-1 అయినా అంగీకరించడం బోర్డు ఇష్టం. అందుకే మొదట రాష్ట్రం ఎంచుకుని ఆ బోర్డు నిబంధనలు చదవాలి. టెక్సస్‌లో గుర్తింపు ఉన్న పట్టాకు 4 ఏళ్ల అనుభవం చాలు, లేనిదానికి 8. కాలిఫోర్నియాలో చదువు, అనుభవం కలిపి ఆరేళ్లు చూస్తారు. అందులో గుర్తింపు ఉన్న డిగ్రీకి నాలుగేళ్లు, లేని ఇంజనీరింగ్ డిగ్రీకి రెండేళ్లు జమ. పైగా అక్కడ సివిల్‌వారికి భూకంప నిరోధక డిజైన్, సర్వేయింగ్ మీద రాష్ట్ర పరీక్షలు అదనం.

మదింపులో మీ కోర్సులను ఒక ప్రమాణంతో పోలుస్తారు: ఉన్నత గణితం, మౌలిక శాస్త్రాలు కలిపి 32 సెమిస్టరు క్రెడిట్లు, ఇంజనీరింగ్ సైన్సు, డిజైన్ కలిపి 48. మన బీటెక్‌లకు 48తో సమస్య అరుదు. లోటు చూపిస్తే గణితం-శాస్త్రాల్లో చూపిస్తారు, మానవీయ శాస్త్రాలు కూడా లెక్కించే చోట అక్కడ చూపిస్తారు. ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారికి ఇది మరీ ఇబ్బంది. మొదటి సంవత్సరపు గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ వారి బీటెక్ మెమోల్లో అసలు ఉండవు. వారు సాంకేతిక విద్యా మండలి నుంచి డిప్లొమా మార్కులు కూడా పంపించాలి. అందులో ఎంత డిగ్రీ స్థాయిగా తీసుకోవాలన్నది మదింపు చేసేవారి నిర్ణయం. లోటు తేలితే కమ్యూనిటీ కాలేజీలో కోర్సు చేసి పూడ్చుకోవచ్చు, కానీ ఫీజు కట్టే ముందు ఏ కోర్సు ఒప్పుకుంటారో బోర్డు నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

కాగితాలు మీ చేతి మీదుగా పోతే చెల్లవు. ట్రాన్స్‌క్రిప్టు యూనివర్సిటీ నుంచే నేరుగా, సీలు వేసిన కవరులో గానీ సురక్షిత ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ వెళ్లాలి. మన దగ్గర ఆలస్యానికి కారణాలు తెలిసినవే. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురంగా విడిపోయింది. అంతకుముందు చదివినవారు తమ కాలేజీ రికార్డులు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో మొదట తేల్చుకోవాలి. తర్వాత సప్లీలు. ఒకే సబ్జెక్టుకు రెండు మూడు మెమోలు ఉంటే కన్సాలిడేటెడ్ మెమోతో పొసగాలి. ఇక సిలబస్. మదింపుకు కోర్సుల వివరణ కావాలి, అది మీరు చదివిన రెగ్యులేషన్‌దే కావాలి. ఆర్05, ఆర్09, ఆర్13, ఆర్16, వీటిలో ఏదో దరఖాస్తులో స్పష్టంగా రాయకపోతే ఇప్పుడు నడుస్తున్న సిలబస్ ఇచ్చి పంపేస్తారు. అది మెమోల్లోని సబ్జెక్టులతో సరిపోక ఫైలు ఆగిపోతుంది. ఏడాది పద్ధతిలో సాగిన మొదటి సంవత్సరానికి వారానికి ఎన్ని గంటలో కూడా ఆ సిలబస్‌లో కనిపించాలి, క్రెడిట్లు కట్టేది ఆ గంటల మీదే.

అమెరికాలో కూర్చుని ఫోన్ల మీద ఈ పని జరగదు. ఊళ్లో ఒక మనిషికి అధికార పత్రం రాసిచ్చి, ట్రాన్స్‌క్రిప్టు, అటెస్టేషన్, సిలబస్ మూడింటికీ ఒకేసారి డబ్బు కట్టించి, కవరు మీద ఎన్‌సీఈఈఎస్ చిరునామాతోపాటు మీ ఖాతా సంఖ్య రాయించాలి. ఆ సంఖ్య లేని కవరు చేరినా ఎవరిదో తెలియక పడి ఉంటుంది. కొరియరు రసీదు ఫోటో తెప్పించుకోండి. మదింపు రుసుము సుమారు 400 డాలర్లు. కాగితాలన్నీ చేరాకే పని మొదలవుతుంది.

నివేదిక నాణ్యతకు వంక పెట్టలేం. ఏ కోర్సు ఏ పద్దులో ఎన్ని క్రెడిట్లు అన్నది వివరంగా ఇస్తారు. ఉద్యోగాలకూ అడ్మిషన్లకూ ఇతర సంస్థల దగ్గర చేయించిన మదింపు ఇక్కడ సాధారణంగా పనికిరాదు, అది డిగ్రీ స్థాయిని మాత్రమే చెబుతుంది. వీసా కోసం ఒకసారి చేయించాం కదా అని ఆగిపోవద్దు.

పీఈకి వెళ్లేవారికి

పీఈ సివిల్ 80 ప్రశ్నలు, 8 గంటల పరీక్ష, విరామంతో కలిపి సెంటర్లో 9 గంటలు. కన్‌స్ట్రక్షన్, జియోటెక్నికల్, స్ట్రక్చరల్, ట్రాన్స్‌పోర్టేషన్, వాటర్ రిసోర్సెస్ అండ్ ఎన్విరాన్‌మెంటల్, వీటిలో ఒకటి ఎంచుకోవాలి. 2024 ఏప్రిల్ నుంచి అందరికీ ఉమ్మడిగా ఉండే ఉదయం భాగం తీసేశారు, కాబట్టి అంతకుముందు అచ్చయిన సెకండ్ హ్యాండ్ పుస్తకాలు కొనొద్దు.

అనుభవం లెక్కలో ఒక మాట. ఇండియాలో పనిచేసిన ఏళ్లు చెల్లవని కాదు. కానీ చాలా బోర్డులు ఆ పనిని ధ్రువీకరించే ఇంజనీర్లను అడుగుతాయి, సిఫారసు చేసేవారిలో కనీసం ముగ్గురు పీఈలు కావాలని చాలాచోట్ల ఉంది. పాత కంపెనీలో మీ పై అధికారి రిటైర్ కాకముందే, మీరు ఏ ప్రాజెక్టులో ఏ లెక్కలు కట్టారో తేదీలతో రాయించి ఉంచండి. ఇప్పటి ఉద్యోగంలో కూడా ప్రతి ఆరు నెలలకొకసారి అదే రాసుకుని, మీ పై పీఈతో మైఎన్‌సీఈఈఎస్ రికార్డులో ధ్రువీకరింపజేయండి. ఉద్యోగం మారే వారం ఆ పని పెట్టుకుంటే పాత మేనేజర్ ఈమెయిలుకు జవాబు రావడానికే నెలలు పడుతుంది. ఒకసారి ఆ రికార్డు నిండితే రెండో రాష్ట్రం లైసెన్సుకు ట్రాన్స్‌క్రిప్టులు, మదింపు మళ్లీ తెప్పించాల్సిన పని ఉండదు, రుసుము కట్టి అదే రికార్డు ఆ బోర్డుకు పంపించమంటే సరిపోతుంది.